వెల్ష్ హైలాండ్ రైల్వేలో గారట్ ఇంజన్లు: పన్నెండేళ్ల ప్రయాణాల తరువాత

మాంచెస్టర్‌లో స్థిరపడినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్లుగా, ఏటా రెండు మూడుసార్లు ఉత్తర వేల్స్‌కు వెళ్లి, కర్నార్వన్ నుంచి పోర్త్‌మాడాగ్ వరకు 40 కిలోమీటర్లు సాగే వెల్ష్ హైలాండ్ రైలులో ప్రయాణిస్తున్నాను. ఈ సమీక్ష ఆ రైలును లాగే ఎన్‌జీజీ16 తరగతి గారట్ ఆవిరి ఇంజన్ల గురించి మాత్రమే.

దక్షిణాఫ్రికాలోని రెండడుగుల గేజి మార్గాల కోసం 1937 నుంచి తయారైన ఈ ఇంజన్లలో, గారట్ పద్ధతి ప్రకారం, బాయిలర్ నేరుగా చక్రాల మీద కూర్చోదు. సొంత సిలిండర్లున్న చక్రాల బండ్లు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. బాయిలర్‌ను మోసే చట్రం వాటి మధ్య వంతెనలా ఆనుతుంది. కింద ఇరుసుల అడ్డు లేదు కనుక కొలిమిని లోతుగా, వెడల్పుగా కట్టగలిగారు. అంత ఇరుకు పట్టాల మీద అంత లావు బాయిలర్ ఇమిడింది అందుకే.

బెడ్‌గెలర్ట్ దగ్గర, 40 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే దారి మెలికలు తిరిగేచోట, ముందున్న నీళ్ల ట్యాంకు ఒకవైపుకు, బాయిలర్ మరోవైపుకు తిరిగి కనిపిస్తాయి. నాకు అంతకన్నా ఇష్టమైనది ఆ చప్పుడు. రెండు బండ్ల ఆవిరీ ఒకే పొగగొట్టంలోంచి వెళ్తుంది. కానీ వాటి చక్రాలను కలిపే కడ్డీ ఏదీ లేదు కాబట్టి రెండు లయలు కాసేపు ఒకటై, మెల్లగా విడిపోయి, మళ్లీ కలుస్తాయి.

ఈ రూపకల్పనలో లోపాలూ ఉన్నాయి. నీళ్లు, బొగ్గు తరిగేకొద్దీ చక్రాల మీద బరువు తగ్గి, తడి పట్టాల మీద పట్టు సడలుతుంది. ఆవిరిని కదిలే కీళ్ల గుండా పంపాలి కనుక ఆ కీళ్లను నిత్యం కనిపెట్టుకుని ఉండాలి.

ఇలాంటి పాత ఇంజన్లను నడిపితే భాగాలు అరుగుతాయి, మారిస్తే అసలుది పోతుంది అనే వాదనను నేను కాదనను. అయినా నడపాలనే అంటాను. టాస్మేనియా కోసం 1909లో తయారైన తొలి గారట్, కే1, యార్క్ మ్యూజియంలో చాలాకాలం కదలకుండా ఉండి, మరమ్మతు తరువాత ఇదే మార్గంలో నడిచింది. దాని వెనక సిలిండర్లు డ్రైవరు నిలబడే చోటు కిందే ఉంటాయి. తరువాతి ఇంజన్లలో సిలిండర్లను బయటి చివరలకు ఎందుకు మార్చారో ఆ వేడిలో నిలబడ్డవారికి వేరే చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కోసం మాంచెస్టర్‌లోనే తయారైన 815 నంబరు గారట్‌ను ఢిల్లీ రైలు మ్యూజియంలో చూసినప్పుడు అది ఎంత పెద్దదో తెలిసింది. ఎలా వంగుతుందో మాత్రం వేల్స్‌లోనే తెలిసింది.

టికెట్టు కొనేవారు ఇంజనుకు ఆనుకున్న పెట్టెనే అడగండి.