ఉద్యోగం మానేసి నచ్చిన పని: ఒక్కసారిగా దిగిపోవడమా, రెండూ కలిపి నడపడమా? ఏది మేలు?

ఉద్యోగం వదిలేసి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడమే జీవనాధారం చేసుకున్నానని తెలిసినప్పటి నుంచి, నాకు ఉత్తరాలు రాసేవారు తిప్పి తిప్పి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "చేస్తున్న ఉద్యోగంలో మనసు లేదు. చేయాలనుకున్న పని వేరే ఉంది. రాజీనామా ఇచ్చి దిగమంటారా, ఉద్యోగం చేస్తూనే మొదలుపెట్టమంటారా?" నచ్చిన పని చేయాలా వద్దా అన్నది వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు. కొంత పొదుపు ఉండాలి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవాలి, అప్పులు తగ్గించుకోవాలి అన్నవీ అందరికీ తెలిసినవే. తేలనిది దారి ఒక్కటే.

నేను రెండూ కలిపి నడిపి బయటికి వచ్చినదాన్ని. నా స్నేహితుడొకడు ఒక్కసారిగా దిగిపోయాడు. అతని ప్రయాణాన్ని మొదటి నుంచీ దగ్గరుండి చూశాను కాబట్టి రెండిటి గురించీ చెప్పగలను. నా మొగ్గు ఎటో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఒక్కసారిగా దిగిపోవడంలో ఉన్న బలాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. నా స్నేహితుడికి కొయ్యపని ప్రాణం. ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగానికి స్వస్తి చెప్పి, దాచుకున్న డబ్బుతో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. ఆ తొలి రోజుల్లో ఎప్పుడు వెళ్లినా చిత్రిక పడుతూ కనిపించేవాడు. పొట్టు తెగకుండా ఉంగరాలు తిరుగుతూ లేస్తుంటే అతని ముఖంలో కనిపించిన తృప్తి ఉద్యోగం చేసిన రోజుల్లో ఎన్నడూ చూడలేదు. మేకు కొట్టకుండా చెక్కలోకి చెక్క దిగి బిగుసుకునే అతుకు, సందులో కాగితం ముక్క కూడా దూరనంత శుభ్రంగా, కొద్ది నెలల్లోనే అతని చేతికి పట్టుబడింది. ఆఫీసు నుంచి వచ్చాక గంటో రెండు గంటలో పనిముట్లు పట్టుకునేవాడికి అదే నేర్పు రావాలంటే ఏళ్లు పడుతుంది. రోజంతా ఒకే పనిలో మునిగి ఉండటానికి సాటి లేదు.

ఈ దారికి ఇంకో బలమైన సాక్ష్యమూ ఉంది. జీవితంలో ఒక పెద్ద నిర్ణయం తేల్చుకోలేక సతమతమవుతున్నవారి చేత అమెరికన్ ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఇంటర్నెట్‌లో నాణెం ఎగరేయించారు. ఉద్యోగం మానేయడం ఆ నిర్ణయాల్లో ఒకటి. నాణెం చెప్పినట్టే చేయాలన్న నిర్బంధం లేకపోయినా, చాలామంది దాని మాటే విన్నారు. ఆరు నెలల తర్వాత వాకబు చేస్తే, ఉన్నచోటే ఉండిపోయినవారికంటే మార్పు వైపు వెళ్లినవారు ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. ఎటూ తేలక ఊగిసలాడుతున్నప్పుడు కదలడమే మేలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు కనిపించలేదు. అయితే ఆ అధ్యయనం కదలమని మాత్రమే చెబుతుంది, ఎలా కదలాలో చెప్పదు. పైగా ఆరు నెలలంటే దాచుకున్న డబ్బు ఇంకా అడుగంటని కాలం. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది.

ఎందుకో చూడండి. ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు ఉంటే ఆరు నెలల గడువు ఉన్నట్టే అనుకుంటాం. కానీ పని ఇచ్చేవారిని వెతుక్కోవడానికే ఒకటి రెండు నెలలు పోతాయి. వచ్చిన పని పూర్తి చేయడానికి మరో నెల. బిల్లు ఇచ్చాక డబ్బు 30 రోజులకు రావచ్చు, 60 రోజులకూ రావచ్చు. మొదటి సంపాదన చేతిలో పడేసరికి మూడు నుంచి ఐదు నెలలు గడిచిపోతాయి. ఏడాది లెక్క వేసినా అంతే. వారానికి ఐదు రోజుల చొప్పున 52 వారాలకు 260 పనిదినాలు. సెలవులు, జబ్బులు, ఇంటి అవసరాలు తీసేస్తే ఓ 220 మిగులుతాయనుకుందాం. ధరలు చెప్పడం, నమూనాలు చూపించడం, సరుకు తెచ్చుకోవడం, బాకీల కోసం ఫోన్లు చేయడం, వీటికి అందులో సగం పోతే డబ్బు తెచ్చే రోజులు 110. ఆ 110 రోజుల కష్టం 365 రోజుల ఇంటి ఖర్చును మోయాలి. జీతంతో పాటు కంటికి కనిపించకుండా వచ్చే బీమా, పదవీ విరమణ నిధి, సెలవు రోజుల వేతనం కూడా అందులోంచే రావాలి.

ఈ లెక్క మెడకు బిగుసుకున్నప్పుడు మనిషి ఏం చేస్తాడన్నదే నా దృష్టిలో అసలు విషయం. నా స్నేహితుడికి ఆ సమయంలో అలమరల పని ఒకటి వచ్చింది. ప్లైవుడ్ కోసి, పైన మైకా అతికించి, స్క్రూలు బిగించే పని. అతను నేర్చిన అతుకులతో దానికి అవసరమే లేదు. జీతం వస్తున్న రోజుల్లోనైతే మర్యాదగా వద్దనేవాడు. అద్దె కట్టాల్సిన వారం కాబట్టి ఒప్పుకున్నాడు. ఆ అలమరలు చూసి పక్కింటివారు పిలిచారు, వాళ్లవి చూసి మరొకరు పిలిచారు. ఏడాది తిరిగేసరికి అలమరలవాడిగా పేరు స్థిరపడిపోయింది. చేతిపనితో చేసిన కుర్చీ కావాలని వెతికేవారికి అతని పేరు చెప్పే మనిషే లేకుండా పోయాడు. ఆదాయం బాగానే వచ్చేది. కానీ అతను ఉద్యోగం వదిలింది మైకా అతికించడానికి కాదు కదా.

ఇది ఇతని ఒక్కడి కథ కాదు. చిత్రకారుడు పాల్ గోగాన్ పారిస్‌లో షేర్ల వ్యాపారంలో బాగా సంపాదించినవాడు. 1882లో మార్కెట్ కుప్పకూలాక, ఇక చిత్రలేఖనమే నా వృత్తి అని నిర్ణయించుకున్నాడు. ఐదుగురు పిల్లలు. రెండేళ్లు తిరగకముందే భార్య పుట్టిల్లైన కోపెన్‌హాగెన్‌కు చేరి, ఆ దేశ భాష రాకుండానే టార్పాలిన్లు అమ్మవలసి వచ్చింది. ఆ అమ్మకాలు సాగలేదు. ఇల్లు గడవడానికి భార్య ఫ్రెంచి పాఠాలు చెప్పింది. పారిస్‌కు తిరిగి వచ్చాక గోడల మీద పోస్టర్లు అంటించే పని కూడా చేశాడు. ఆ తర్వాత ఆయన ఎంత గొప్ప చిత్రకారుడయ్యాడో లోకానికి తెలుసు. కానీ కుంచె పట్టడానికి ఉద్యోగం వదులుకున్న మనిషి, ఆ కుంచెను కాపాడుకోవడానికి టార్పాలిన్లు మోయాల్సి వచ్చిన ఆ రోజులను కూడా ఈ తూకంలో వేయాలి.

కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి మొదటి రెండేళ్లలో ఏ పని చేసిపెడితే అదే పేరుగా నిలుస్తుంది. పేరును బట్టే తర్వాతి పనులు వస్తాయి. కాబట్టి ఆ రెండేళ్లలో నచ్చని పనిని వద్దనగల స్థోమత మీకు ఉందా లేదా అన్నదే నేను అన్నిటికంటే ముందు చూస్తాను. ప్రతిభ, ధైర్యం, గిరాకీ అన్నీ దాని తర్వాతే.

ఉద్యోగం చేస్తూనే మొదలుపెట్టడంలో ఉన్న లాభం సరిగ్గా ఇదే. నాకు జీతం వస్తున్న రోజుల్లో ఒక ప్రచురణకర్త, బాగా పేరున్న కార్టూన్ పాత్రల పోలికలతో ఒక పుస్తకమంతా బొమ్మలు వేయమన్నారు. ఇస్తామన్న డబ్బు ఎక్కువే. వద్దని చెప్పి, ఆ సమయాన్ని ఒక తాబేలు కథకు ఇచ్చాను. దానికి ముట్టింది చాలా తక్కువ. నీటిరంగుల్లో, కాగితం ఇంకా తడిగా ఉండగానే ఆకుపచ్చ మీద గోధుమరంగు వదిలితే, ఆ రెండూ ఒకదానిలోకి ఒకటి పాకి డిప్ప మీది గళ్లు వాటంతట అవే ఏర్పడతాయి. అది సరిగ్గా కుదిరే వరకు కాగితాలు పారేస్తూ పోయాను. ఈ నెలలో ఇంకెన్ని పేజీలు పూర్తి కావాలి అన్న బెంగ లేకపోబట్టే అలా పారేయగలిగాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆ తాబేలును చూసి వచ్చినవారే, అలాంటి బొమ్మలు కావాలని అడిగేవారే.

సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్ ఈ స్థోమతను ఎంతకాలం కాపాడుకున్నాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1976లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో ఆయన కూర్చిన ఒపేరా నిండిన సభలో ప్రదర్శితమైంది. అప్పులు మిగిలాయి, ఆయన మళ్లీ టాక్సీ నడిపాడు. అంతకుముందు కుళాయిలు, గొట్టాలు బిగించే పని కూడా చేశాడు. నలభై దాటాకే సంగీతం మీద పూర్తిగా బతకగలిగాడు. ఆ ఏళ్లన్నిటిలోనూ ఎవరి అభిరుచికో తగ్గట్టు బాణీ మార్చుకునే అవసరం ఆయనకు రాలేదు. ఇంటి ఖర్చు టాక్సీ చూసుకుంది.

వ్యాపారాలు పెట్టినవారి విషయంలో లెక్కలు కూడా ఇటే మొగ్గుతున్నాయి. జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉద్యోగం ఉంచుకుని వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి మారినవారికి, ఒక్కసారిగా ఉద్యోగం మానేసి దిగినవారితో పోలిస్తే, వ్యాపారం మూతపడే ముప్పు దాదాపు మూడో వంతు తక్కువ. ఇందులో ఒక కిటుకు ఉంది. పక్కన నడుపుతూ చూసి, సాగదని తెలిసినవారు ఉద్యోగం వదలనే వదలరు, కాబట్టి పూర్తిగా దిగినవారిలో పనికొచ్చే ఆలోచన ఉన్నవారే ఎక్కువగా మిగులుతారు. నా ఉద్దేశంలో అది ఆ అధ్యయనంలోని లోపం కాదు, ఈ దారికి ఉన్న సుగుణం. సాగని పనిని తక్కువ ఖర్చుతో తెలుసుకోగలగడం చిన్న లాభమా?

అలాగని ఈ దారి తేలికని చెప్పను. తెల్లవారుజామున లేచి కాసేపు బొమ్మలు వేసి, ఆ మీదట ఉద్యోగానికి పోయి, సాయంత్రానికి మాట్లాడే ఓపిక కూడా లేకుండా ఇంటికి రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ భారంలో ఇంట్లోవాళ్లకూ వాటా పడుతుంది. ఉద్యోగ ఒప్పందంలో బయటి పని చేయకూడదన్న షరతు, చేసిన పని మీద హక్కు సంస్థదే అన్న షరతు ఉన్నాయేమో ముందే చదువుకోవాలి. ఆఫీసు సమయాన్నీ ఆఫీసు కంప్యూటర్‌నూ సొంత పనికి ముట్టుకోకూడదు. వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. జీతం అలవాటై, "ఇంకో ఏడాది, ఇంకో ఏడాది" అంటూ ఎప్పటికీ బయటికి రాకపోవడం.

దానికి విరుగుడు, బయటికి రావడానికి ఒక కొలత ముందే పెట్టుకోవడం. ఇంగ్లండ్‌లో తపాలా శాఖ ఉద్యోగిగా ఉంటూ, రోజూ ఉదయం ఐదున్నరకే బల్ల ముందు కూర్చుని నవలలు రాసిన ఆంథొనీ ట్రోలప్ తన కొలత చాలా స్పష్టంగా పెట్టుకున్నాడు. అరవయ్యో ఏట రావలసిన పింఛను ఎంతో, అంత వడ్డీ తెచ్చే సొమ్ము కూడాక మానేయాలనుకున్నాడు. 1834లో చేరినవాడు 1867లో మానేశాడు. అంత జాగ్రత్త అందరికీ అక్కర్లేదు. సొంత పని ఆదాయం జీతంతో సమానం అయ్యేదాకా ఆగాలన్న సలహా కూడా నాకు నచ్చదు, ఎందుకంటే మిగిలిన గంటల్లో చేసే పని పూర్తి జీతానికి ఎన్నటికీ అందుకోకపోవచ్చు. నేను చూసుకున్నది వేరు. మొదట్లో నచ్చని పనులకు వద్దు చెప్పేదాన్ని. కొంతకాలానికి, చేయాలని మనసు లాగుతున్న పనులకు కూడా సమయం చాలక వద్దు చెప్పవలసి వచ్చింది. అలా వదులుకున్నవి కలిపి చూస్తే ఇల్లు గడిచేంత ఉన్నాయని తేలిన రోజున రాజీనామా రాశాను.

ఇక మిగిలిన దారుల గురించి రెండు ముక్కలు. యాజమాన్యం ఒప్పుకుంటే సగం రోజుల ఉద్యోగం అన్నిటికంటే హాయి, కానీ దొరకడం అరుదు. జీతం లేని దీర్ఘకాలిక సెలవు విద్య నేర్చుకోవడానికి బాగుంటుంది గానీ, గిరాకీ ఉందో లేదో తేల్చుకోవడానికి చాలదు. నచ్చిన పనిని సంపాదనతో ముడిపెట్టకుండా సరదాగానే ఉంచుకోవడం గౌరవనీయమైన ఎంపిక. అందులో సంతృప్తి ఉన్నవారికి ఈ పోలికతో పనే లేదు.

కొందరికి మాత్రం ఒక్కసారిగా దిగక తప్పదు. నృత్యం, క్రీడలు వయసు దాటితే కుదరవు. రంగస్థలం పగటి రిహార్సళ్లకు రమ్మంటుంది. కొన్ని ఉద్యోగాల్లో బయటి పనిని అసలు ఒప్పుకోరు. ఉద్యోగం ఒంటినీ మనసునూ గుల్ల చేస్తున్నా అక్కడ ఇక ఉండకూడదు. అలాంటివారు జీతం మోసే ఖర్చుల భారాన్ని మరోదానికి అప్పగించాలి. నా స్నేహితుడు ఇప్పుడు చేస్తున్నది అదే. వారానికి రెండు రోజులు రెండు చిన్న సంస్థలకు లెక్కలు రాసిపెడుతున్నాడు. షెడ్డు అద్దె దానితో గడిచిపోతోంది, అలమరల పని తీసుకోవడం మానేశాడు. విసుగు పుట్టించిన పాత వృత్తే అయినా, వారానికి రెండు రోజులైతే భరించవచ్చని అంటున్నాడు. మీరూ రాజీనామా ఇచ్చే ముందే మీ పాత నైపుణ్యాన్ని గంటల లెక్కన తీసుకునే ఒకరిద్దరిని మాట్లాడి పెట్టుకోండి.