మా పాప బడిలో మధ్యాహ్నం అన్నం: తినొచ్చి రాస్తా ఉండా

హోటళ్లకైతే అందరూ రివ్యూలు రాస్తారు, బడి అన్నానికి ఎవురూ రాయరు. చిత్తూరు పక్కన గవర్నమెంటు బడి, మా పాప నాలుగో తరగతి. పేరెంట్స్ కమిటీలో నా పేరుండాది కాబట్టి అప్పుడప్పుడు వచ్చి రుచి చూడమంటారు, పోయిన మంగళవారం పోయినా.

ఆ రోజు పులగం, చెనక్కాయల చట్నీ, ఉడకేసిన గుడ్డు. చట్నీ మాత్రం సూపర్ అబ్బా, దోరగా ఏయించి ఎండు మిరక్కాయలు, చింతపండు ఏసి బరకబరకగా చేసినారు, నేను ఇంట్లో మిక్సీలో ఏస్తే పేస్టు మాదిరి అయిపోతుంది. పులగం అడుగంటి మాడు వాసన వచ్చింది, వంటక్కను అడిగితే "గ్యాస్ అయిపోయి కట్టెల మీద పెట్టినామక్కా, మంట కుదర్లా" అనింది. తొంభై మంది పిల్లోళ్లకి ఇద్దరే, నెలకు ఇచ్చేది 3 వేలు, ఇంక నేనేం అడిగేది.

2025 జూన్ నించి సన్నబియ్యం ఇస్తా ఉండారు, అది బాగా తెలుస్తాది. ముందు లావు బియ్యంతో అన్నం ముద్దముద్దగా ఉండి సగం పారేసేవాళ్లు, ఇప్పుడు బకెట్లోకి తొంగి చూస్తే గుడ్డు పెంకులే జాస్తి. ఐదో తరగతి దాకా పిల్లోళ్లకి తలకు 100 గ్రాముల బియ్యం లెక్క, కానీ ఒక అబ్బి మూడోసారి ప్లేటు పట్టుకోనొస్తే వంటక్క ఏమనకుండా పెట్టింది. వాళ్లమ్మ తెల్లారకముందే పూలు కోసే పనికి పోతుందంట, వాడు పొద్దున ఏం తినకుండానే వస్తాడంట.

అసలు నేను చెప్పాలనుకునింది ఈ పొద్దున పూట ఆకలి గురించే. మంగళ, గురు, శనివారాలు రాగిజావ ఇస్తారు, 2023 మార్చి నించి. సంగటి తిని పెరిగినోళ్లం, రాగుల గొప్ప మాకు ఒకరు చెప్పక్కర్లా, బెల్లం ఏసి వేడివేడిగా ఇస్తే గ్లాసు నాకి పెడతారు పిల్లోళ్లు. మిగతా మూడ్రోజులు చిక్కీ, దాంతో కడుపు నిండుతుందా?

మా చెల్లిని తమిళనాడు కాట్పాడిలో ఇచ్చినాం, ఇక్కడ బస్సెక్కితే గంట. అక్కడ వాళ్లోడికి గవర్నమెంటు బడిలో పొద్దున్నే ఉప్మానో పొంగలో పెడతారు, ఐదో తరగతి దాకా. 2022లో మదురైలో మొదలుపెట్టి మరుసటేడే రాష్ట్రమంతా గవర్నమెంటు ప్రైమరీ బడులకు ఇచ్చేసినారు. మనోళ్లు 2025 జనవరిలో జూనియర్ కాలేజీ పిల్లోళ్లకి కూడా మధ్యాహ్నం అన్నం పెట్టినారు, మంచిదే, కాదన్లా. కానీ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నాం కదా, గోదావరి లంకల్లో ఆమె ఏ వేళకొచ్చినోళ్లకైనా వండి పెట్టింది గానీ మధ్యాహ్నం రాపో అన్లేదే.

తిండికి 5కి 4 ఇస్తా, వంటగదికి 2, పొద్దున పూటకి ఏం ఇయ్యాలో నాకే తెలీలా.

మర్నాడు బుధవారం, జావ ఉండదని మా పాప బాక్సులో రెండిడ్లీలు ఎగస్ట్రా పెట్టి పంపిచ్చినా. ఆ అబ్బి ముందు వద్దన్నాడంట, తర్వాత చట్నీ ఏదని అడిగినాడంట.