గుంటూరు – చెన్నై మిర్చి లోడ్లకు మూడు బండ్ల కుటుంబ లారీ ఆఫీసు ఎలా ఉంది?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల లారీ ఆఫీసులకు కరువు లేదు. ఫోన్ కొడితే బ్రోకరు పది నిమిషాల్లో బండి చూపిస్తాడు. ఆ బండి ఓనరెవరో, దారిలో సరుకు ఇంకో బండిలోకి మారుతుందో లేదో మాత్రం చెప్పడు. ఈ సమీక్ష అలా కాకుండా సొంత బండ్లతోనే నడిచే ఒక కుటుంబ ఆఫీసు గురించి. తండ్రి, ఇద్దరు కొడుకులు, మూడు పది టైర్ల బండ్లు. ఎల్ఆర్‌లు (లారీ రసీదులు), ఈ-వే బిల్లులు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రాలు) పెద్ద కోడలు చూసుకుంటుంది. పేరు రాయడం లేదు. సీజన్‌లో ఉన్న మూడు బండ్లూ పాత పార్టీలకే చాలడం లేదు.

పెద్దాయన ఆరు టైర్ల టాటా 1210ల కాలం నుంచి ఈ రూట్లో ఉన్నారు. తమిళనాడు సరిహద్దున భీమునివారిపాలెం దగ్గర కాగితాల కట్ట పట్టుకుని క్యూలో పడిగాపులు పడ్డ తరం అది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి, బండ్లు మారాయి. లోడింగ్ అయ్యేదాకా బండి పక్కనే నిలబడే అలవాటు ఆయనకు ఇంకా ఉంది. రేటు మాట్లాడిన మనిషే లోడింగ్ దగ్గరా ఉండటం ఈ ఆఫీసు అసలు బలం.

ఎండుమిర్చి తేలిక సరుకు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 నుంచి 45 కిలోలు ఉంటుంది. 2018లో కేంద్రం యాక్సిల్ లోడు పెంచాక పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. ఖాళీ బండి బరువు తీసేసినా 18 టన్నుల దాకా సరుకు వేసుకోవచ్చు. కానీ మిర్చిలో ఆ తూకం రాకముందే బాడీ నిండిపోతుంది. అందుకే వీళ్లు టన్ను లెక్కన కాకుండా టిక్కీ లెక్కన కిరాయి చెబుతారు. పంపేవాళ్లకూ అదే మంచిది. దారిలో తేమ ఆరి తూకం తగ్గినా కిరాయి దగ్గర పేచీ రాదు.

బండి ఫ్లోరు మీద ముందు పాత పట్టా (టార్పాలిన్) పరుస్తారు, బోల్టు తలలకు గోనె చిరగకుండా. అంచు వరసల టిక్కీలు కొద్దిగా లోపలికి వాలేలా పేర్చిస్తారు. హమాలీలను కొక్కెం వాడనివ్వరు. కొక్కెం దిగిన చోట గోనె నోరు తెరుచుకుని, చెన్నై చేరేసరికి తొడిమలూ గింజలూ ఫ్లోరు మీద పడి ఉంటాయి. తాళ్లు బిగించి బయల్దేరాక చిలకలూరిపేట దాటే లోపు డ్రైవరు బండి ఆపి మళ్లీ బిగిస్తాడు. మొదటి 40 కిలోమీటర్లలోనే సరుకు అణిగి తాళ్లు వదులవుతాయి. చాలా బండ్లలో ఈ పని ఎవరూ చేయరు. లోడు ఒక పక్కకు ఒరిగేది అందుకే.

ఏసీ సరుకు విషయంలో వీళ్ల పట్టుదలకు పూర్తి మార్కులు ఇవ్వాలి. కోల్డ్ స్టోరేజీలో నుంచి తీసిన చల్లటి టిక్కీకి బయటి గాలి తగలగానే పైన చెమట పడుతుంది. అలాగే ఎక్కించి పట్టా కప్పేస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి, కాయకు బూజు పడుతుంది, రంగు దిగుతుంది. అందుకని టిక్కీలను నీడలో కొన్ని గంటలు ఆరనిచ్చాకే బండిలోకి ఎక్కిస్తారు. మీరెంత తొందర చేసినా వినరు. వాన రోజుల్లో రెండు పట్టాలు కప్పుతారు, పైదాని అంచులు బాడీ కిందికి మడిచి కడతారు. సరుకు అందుకునే పార్టీ రంగు చూసే రేటు కడుతుంది కాబట్టి ఆ ఆలస్యం భరించాల్సిందే.

ఎల్ఆర్ మీద టిక్కీల సంఖ్య, కాటా తూకం, లాటు మార్కు మూడూ రాస్తారు. తూకం ఒక్కటే రాయించుకుని పంపితే తరుగు వచ్చినప్పుడు అది తేమ ఆరి వచ్చిందో, దారిలో సరుకు దిగి వచ్చిందో తేల్చలేరు. చెన్నై దాదాపు 400 కిలోమీటర్లు. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన ఈ-వే బిల్లుకు రెండు మూడు రోజుల గడువు వస్తుంది. బండి చెడి సరుకు ఇంకో బండిలోకి మారిస్తే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో కొత్త నంబరు ఎక్కించాలి. ఆ పని కోడలు రాత్రిపూటైనా చేసి పెడుతుంది. గడువు దాటేలా ఉంటే ముగిసే ముందు 8 గంటల్లో, లేదా ముగిశాక 8 గంటల్లోపు పొడిగించుకోవాలి.

సరుకు బీమా మాత్రం మీరే చేయించుకోండి. లారీ పాలసీలో మీ మిర్చికి కవరేజీ ఉండదు. పంపేటప్పుడు విలువ రాయించి ఎక్కువ రిస్కు రేటు కట్టడానికి ఒప్పుకోకపోతే, నష్టం జరిగినా రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. నోటీసు కూడా బుకింగ్ రోజు నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాలి.

డబ్బు దగ్గర కచ్చితంగా ఉంటారు. బండి కదిలే ముందే ఎక్కువ భాగం అడ్వాన్సు అడుగుతారు. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు వచ్చినా ఒక్క వైపుకే వంద లీటర్ల డీజిల్, దాని మీద టోల్‌గేట్లు. మిగిలింది అవతలి పార్టీ సంతకం, ముద్ర ఉన్న ఎల్ఆర్ కాపీ తిరిగొచ్చాక. బ్రోకరు రేటు కంటే వీళ్లది కాస్త ఎక్కువే. చెన్నై నుంచి రిటర్న్ లోడు దొరకని వారాల్లో ఇంకా పెంచుతారు, ఆ సంగతి ముందే చెప్తారు.

లోపాలూ ఉన్నాయి. పార్ట్ లోడు (బండి నిండని కొద్దిపాటి సరుకు) తీసుకోరు. బండి దారిలో ఆగితే ఇంకో బండి వచ్చేసరికి సగం రోజు పోతుంది. పెద్దాయన ఊళ్లో లేకపోతే కిరాయి మీద ఎవరూ మాట ఇవ్వరు. బండి ఎక్కడుందో తెలియాలంటే డ్రైవరుకు ఫోన్ చేయడమే. చెన్నైలో చాలా రోడ్ల మీదికి పగలు భారీ బండ్లను రానివ్వరు. జార్జ్‌టౌన్ లాంటి చోట దింపాలంటే తెల్లవారుజాముకే చేరాలి. గుంటూరులో మధ్యాహ్నానికి లోడు పూర్తి కాకపోతే మర్నాటి రాత్రి దాకా బండి నగరం బయటే ఆగుతుంది, ఆ హాల్టింగ్ ఖర్చు మీ లెక్కలోకే వస్తుంది. కాబట్టి హమాలీలను పొద్దున్నే కుదుర్చుకోండి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బండి కావాలంటే కనీసం నాలుగు రోజుల ముందు చెప్పాలి. యార్డుకు వేసవి సెలవులిచ్చాక బండ్లు ఒక్కొక్కటిగా విజయవాడ ఆటోనగర్‌కు బాడీ పనికి వెళ్తాయి. ఆ వారాల్లో ఏసీ సరుకు పంపాలంటే ఏ బండి ఖాళీగా ఉందో ముందు కోడలినే అడగండి. వరుసంతా ఆమె దగ్గరే ఉంటుంది.