ఫోమ్ బోర్డు పేరుతో సన్‌బోర్డు అంటగడుతున్నారు, జాగ్రత్త

విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన టీయూ-142 విమానాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. నౌకాదళం 2017లో సేవల నుంచి తప్పించిన ఆ గస్తీ విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. 25వ వంతుకు దించితే సరిగ్గా 2 మీటర్లు. సిరిమానోత్సవానికి పిల్లలు విజయనగరం వచ్చేసరికి దాన్ని ఫోమ్ బోర్డుతో కట్టి, నాలుగు మోటార్లతో గాలిలోకి లేపాలన్నది నా సరదా.

మొదట మచ్చుకు ఆన్‌లైన్‌లో 4 షీట్లు తెప్పించాను. వంక పెట్టడానికి లేదు. రెండు వైపులా కాగితం, మధ్యలో థర్మోకోల్ లాంటి తెల్లని పాలిస్టైరీన్, 5 మిల్లీమీటర్ల మందం. 50 సెంటీమీటర్ల వెడల్పు, 75 పొడవు ఉన్న షీటు వంటింటి త్రాసు మీద 190 గ్రాములు తూగింది. వాటితో ఎడమ రెక్క పూర్తిచేశాక మరో 12 షీట్లు, ‘ఫోమ్‌కు సురక్షితం’ అని రాసిన రెండు బూడిద రంగు స్ప్రే డబ్బాలు అదే అమ్మకందారు దగ్గర ఆర్డరు పెట్టాను.

కొరియరు అబ్బాయి ఆ పార్సిలును మెట్లు ఎక్కించలేక ఆయాసపడినప్పుడే నాకు అనుమానం రావలసింది. ఒక్కో షీటు 920 గ్రాములు! పైన కాగితమే లేదు, నున్నగా ప్లాస్టిక్‌లా ఉంది. ఒక ముక్కను మూడు లాంతర్ల దగ్గర ఫ్లెక్సీ దుకాణంలో చూపిస్తే, అక్కడి కుర్రాడు వేలితో తట్టి, “ఇది సన్‌బోర్డండీ, షాపుల పేర్లు అంటించడానికి వాడతాం” అన్నాడు. అంటే పీవీసీ అనే బరువైన ప్లాస్టిక్. దీన్ని కూడా కొందరు ఫోమ్ బోర్డు అనే అమ్ముతారు, ఆ సందులోంచే మనవాడు దూరాడు. 12 షీట్లు కలిపి 11 కిలోలు. మోటార్లు, బ్యాటరీతో సహా నా విమానం మొత్తం 3 కిలోలు దాటకూడదు.

బోర్డు సంగతి తేలేలోపు రెక్కకు రంగైనా వేద్దామనుకోవడం నా తెలివితక్కువతనం. డాబా మీద ఒక పూత కొట్టి, కాఫీ తాగి వచ్చాను. కాగితం మీద రంగు నిగనిగలాడుతోంది. ముందు అంచును వేలితో నొక్కితే మాత్రం అప్పడంలా లోపలికి పోయింది. కోసిన అంచుల్లోంచి ద్రావకం దిగి లోపలి ఫోమ్‌ను తినేసింది. పైన కాగితం, కింద ఖాళీ. నలభై రోజుల పని.

అప్పుడు డబ్బాను తిప్పి చూశాను. ‘సురక్షితం’ అన్న తెల్ల చీటీ ఒక మూల లేచి ఉంది. గోటితో లాగితే కింద అసలు ముద్రణ బయటపడింది: మంట గుర్తు, జైలీన్ అనే ద్రావకం పేరు. జైలీన్, టోలుయీన్, అసిటోన్, ఏది తగిలినా పాలిస్టైరీన్ కరిగిపోతుంది. బోర్డు పొరపాటున మారిందని ఎవరైనా అంటే వింటాను, ఈ చీటీ మాత్రం చేతితో అంటించినది.

ఫోను చేస్తే, “ప్యాకెట్టు విప్పాక వాపసు లేదు సార్. ఫోమ్ బోర్డు అడిగారు, ఫోమ్ బోర్డే పంపాం” అన్నారు. విప్పకుండా ఎలా తూచాలో చెప్పలేదు. వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఆ మాటే రాసి పంపితే నా నంబరును బ్లాక్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

మీరు కొనేముందు షీటు బరువు గ్రాముల్లో రాసి పంపమనండి. రాయనంటే వదిలేయండి. మచ్చు బాగుందని మొత్తం డబ్బు ముందే కట్టకండి, పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీయండి. పీవీసీయో కాదో తేల్చడానికి ముక్కను కాల్చి చూడవద్దు, ఆ పొగ మంచిది కాదు. త్రాసు చాలు. ఏ రంగైనా ముందు పనికిరాని ముక్క మీద, కోసిన అంచుకు పట్టించి ఒక రాత్రి ఆగండి. నేను ఇప్పుడు కొత్త రెక్క అంచులకు నీళ్ళు కలిపిన ఫెవికాల్ రెండు పూతలు వేసి, ఆరాక నీటితో కలిపే యాక్రిలిక్ రంగు బ్రష్‌తో వేస్తున్నాను. నెమ్మదైన పని, సిరిమానోత్సవానికి అందేలా లేదు.

ఆ అమ్మకం పేజీలో ఈ ఉదయానికి కూడా కాగితం అంటించిన తెల్ల ఫోమ్ బోర్డు ఫొటోయే ఉంది.