అతిరప్పిళ్లి వెళ్తే రాత్రి అక్కడే ఉండండి

కేరళలోని అతిరప్పిళ్లి జలపాతానికి చాలామంది కొచ్చి నుంచి కారు మాట్లాడుకుని వెళ్ళి, గంటసేపు చూసి, సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. మొదటిసారి మేమూ అంతే. ఆదివారం కావడంతో నీళ్ళకంటే జనమే ఎక్కువ కనిపించారు. రెండోసారి అక్టోబరులో అమ్మను కూడా తీసుకెళ్ళి రెండు రాత్రులు ఉన్నాం. ఇప్పుడు ఎవరడిగినా అలాగే వెళ్ళమంటున్నాను.

సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి త్రిస్సూర్‌లో దిగాం. అక్కడి నుంచి చాలకుడి దాదాపు 30 కిలోమీటర్లు, చాలకుడి నుంచి జలపాతం ఇంకో 30. బస్సులున్నాయి కానీ పెద్దవాళ్ళూ సామానూ ఉంటే టాక్సీయే నయం.

ఏ నెలలో వెళ్ళాలన్నది బాగా ఆలోచించుకోండి. జూలైలో నది ఎర్రగా, ఉధృతంగా ఉంటుంది. ఎండాకాలంలో ధార సన్నబడుతుంది. ఎగువన పెరింగల్‌కుత్తు డ్యామ్ నుంచి ఎన్ని నీళ్ళు వదిలితే అన్నే. వానలు తగ్గుముఖం పట్టాక వెళ్తే నీళ్ళూ ఉంటాయి, దారీ బాగుంటుంది.

బస విషయంలో ఒకసారి దెబ్బ తిన్నాం. 'గదిలోంచే జలపాతం' అన్న ఫొటో చూసి మొదటి రాత్రికి రిసార్ట్ బుక్ చేశాం. తీరా చూస్తే, బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే కొమ్మల సందులో తెల్లటి గీత కనిపించింది. మాకిచ్చే గది నంబరు చెప్పి, దాని ఫొటోనే పంపమని ముందే అడగాల్సింది. రెండో రాత్రి నది ఒడ్డున ఒక హోమ్‌స్టేలో ఉన్నాం. అద్దె సగం కూడా లేదు. పొద్దున్నే వేడి పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), శనగల కూర, పతిముఖం చెక్క వేసి కాచిన గులాబీ రంగు నీళ్ళు. అమ్మ ఆ చెక్క కొంచెం అడిగి తెచ్చుకుంది.

దగ్గర్లోనే ఉన్నాం కాబట్టి గేటు తెరవగానే లోపలికి వెళ్ళగలిగాం. బాహుబలిలో చూసిన జలపాతం ఇదే. సినిమాలో గ్రాఫిక్స్‌తో ఆకాశానికి ఎత్తారు, అసలు ఎత్తు సుమారు 80 అడుగులు. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి. కానీ రాళ్ళ దారిలో కిందికి దిగి ఎదురుగా నిలబడితే ఎత్తు గుర్తే రాదు. తుంపర్లకు కళ్ళజోడు తుడిచినకొద్దీ తడుస్తూనే ఉంది, పక్కనున్న మనిషి మాట వినిపించలేదు. మోకాళ్ళ నొప్పులుంటే మాత్రం ఈ దారి వద్దు. అమ్మ పైనే కూర్చుంది, చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ కోతి లాక్కుపోయింది.

అదే టికెట్ మీద 5 కిలోమీటర్ల అవతల వాళచ్చాల్ జలపాతం కూడా చూడొచ్చు. అక్కడ నది బండల మీదుగా జారుతూ పోతుంది. నీళ్ళలోకి దిగొద్దు, బండలు నున్నగా జారతాయి. అమ్మకు అక్కడే హార్న్‌బిల్ పక్షి కనిపించింది. చేటతో బియ్యం చెరుగుతున్నట్టు రెక్కల చప్పుడు, తలెత్తేసరికి పెద్ద పసుపు ముక్కు. కేరళలో ఉండే నాలుగు రకాల హార్న్‌బిల్స్ కూడా ఈ అడవిలో ఉన్నాయి. వాటి గూళ్ళకు ఇక్కడి కాడర్ గిరిజనులే కాపలా ఉంటారు.

తమిళనాడులోని వాల్పరై వైపు వెళ్ళేవాళ్ళు వాళచ్చాల్ చెక్‌పోస్టుకు పొద్దున్నే చేరుకోండి. అడవి దారిలోకి పగలే వదులుతారు. ప్లాస్టిక్ సీసాలు కూడా లెక్కపెట్టి రాసుకుంటారు, దారిలో ఒక్కటి కూడా పారేయకండి. వానాకాలమైతే జలగల కోసం జేబులో కాస్త ఉప్పు పొట్లం పెట్టుకోండి.