బెంగళూరు అద్దె ఇంట్లో ఫైబర్ నెట్: ఏళ్లపాటు వాడాక

ఫోన్లో డేటా ఉండగా ఇంటికి ఫైబర్, అంటే వెలుగు మీద నెట్ తెచ్చే గాజు తీగ కనెక్షన్, కావాలా? ఒక్కరే ఉంటూ, రోజూ ఆఫీసుకు వెళ్లొస్తూ, రాత్రిపూట కాసేపు వీడియోలు చూసేవాళ్లకు అక్కర్లేదు. రోజుకు 2 జీబీ ప్యాక్ చాలు. బయటికెళ్తే యూపీఐ, క్యాబ్ రెంటికీ కావాల్సింది ఫోన్ డేటాయే. అది లేకుంటే ఈ ఊళ్లో పూట గడవదు. ఫైబర్ ఇంటి నుంచి పనిచేసేవాళ్లకూ, ఒకేసారి ఇద్దరు ముగ్గురు కాల్స్‌లో కూర్చునే ఇళ్లకూ అవసరం.

ప్లాన్ విషయం తొందరగా తేలుతుంది. హెచ్‌డీ వీడియో కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీ సినిమాకు 5, 4కే అయితే 15 నుంచి 25. నలుగురున్న ఇంటికి 100 ప్లాన్ ధారాళం; 300కి పెట్టే డబ్బు నా లెక్కలో దండగే. డౌన్‌లోడ్‌లో 12 కనిపించిందని గొడవ పడకండి, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి 12.5 మెగాబైట్లే. ప్రకటనలో చూపే ధర మీద చాలాసార్లు 18 శాతం జీఎస్టీ కలుస్తుంది.

అసలు తలనొప్పి స్పీడు కాదు, కరెంటు. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉన్నా, అది అందుకునే ఆ కొన్ని సెకన్లకే రౌటర్ ఆగిపోతుంది. మళ్లీ లేచి లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు. మీటింగ్ మధ్యలో అది చాలు, పరువు పోవడానికి. మందు: రౌటర్‌కు పెట్టే మినీ యూపీఎస్. కొనేముందు అడాప్టర్ మీద చదవండి. 12 వోల్ట్ అని ఉంటే యూపీఎస్ కూడా 12 వోల్టే ఇవ్వాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువుండకూడదు. పిన్ను బయట 5.5 మి.మీ. ఉన్నా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 రకం రౌటర్‌కు 2.5 రంధ్రమున్న పిన్ను పెడితే దూరుతుంది కానీ వదులుగా ఉండి, చెయ్యి తగిలితే చాలు రౌటర్ ఆగిపోతుంది. యూపీఎస్ డబ్బా మీద 8000 ఎంఏహెచ్ అనే బ్యాటరీ సామర్థ్యం చూసి మురిసిపోవద్దు. అది లోపలి సెల్స్ ఇచ్చే 3.7 వోల్ట్ దగ్గరి లెక్క, అంటే దాదాపు 30 వాట్-అవర్. మార్పిడిలో పోయేది పోగా 25 మిగులుతుంది. 10 వాట్లు తాగే రౌటర్‌కు రెండున్నర గంటలు. సెల్స్ పాతబడేకొద్దీ అదీ తగ్గుతుంది.

ఇంకో మెలిక ఉంది. మీ ఇంట్లోకి వచ్చేది సన్నని ఫైబరా, లేక మేడమీది నెట్‌వర్క్ స్విచ్ (ఇళ్లకు నెట్ పంచే పెట్టె) నుంచి దిగిన ల్యాన్ కేబులా? ఫైబర్ అయితే దారిలో వెలుగును ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. ల్యాన్ అయితే ఆ స్విచ్‌కు కరెంటు పోగానే మీ యూపీఎస్ ఎంత పెద్దదైనా ఒరిగేదేమీ లేదు. కనెక్షన్ ఇచ్చే కుర్రాణ్ని ముందే అడిగి తెలుసుకోండి.

నెట్ పోతే ముందు రౌటర్ మీది లైట్లు చూడండి. ఎల్ఓఎస్ (సిగ్నల్ లేదని చెప్పే లైటు) ఎర్రగా వెలిగితే వెలుగు మీ రౌటర్ దాకా రావట్లేదు: వైరు ఎక్కడో తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. పీఓఎన్ (కంపెనీతో లింకు చూపే లైటు) మాత్రమే ఆగకుండా మిణుకుతుంటే వెలుగు వస్తోంది గానీ అవతలి వైపు నమోదు కావట్లేదు. ఆఫ్ చేసి ఆన్ చేసినా మారకపోతే కంపెనీకే చెప్పాలి. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ అని, అందుతున్న వెలుగు బలం చూపే ఒక అంకె కనిపిస్తుంది. −15 నుంచి −25 డీబీఎం ఆరోగ్యం. −27 కంటే కిందికి పోతే నెట్ ఉండి ఉండి తెగుతుంది. 3 తగ్గితే వెలుగు సగమైనట్టే, కాబట్టి కనెక్షన్ పెట్టిన రోజే ఆ అంకె రాసుకోండి. పడిపోవడానికి కారణాలు చాలావరకు ఇంట్లోనే దొరుకుతాయి: బీరువా వెనక నలిగిన వైరు, కిటికీ రెక్క కింద మడత, పచ్చ కనెక్టర్‌ను నీలిదానికి కలపడం. మారతహళ్లి, కుందలహళ్లి వైపు కేబుళ్లు చెట్ల మీదా స్తంభాల మీదా వేలాడుతుంటాయి. వేసవి వానకు కొమ్మ విరిగిందంటే ఆ పూటకు హాట్‌స్పాటే గతి.

వైఫై సంగతికొస్తే, పీజీ హాస్టళ్ల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ సంతలో మాట్లాడినట్టుంటుంది. 1, 6, 11 చానెళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుని చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లోనే ఉంచండి. ల్యాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ మేలు, కానీ రెండు గోడలు దాటితే నీరసిస్తుంది. పని బల్లకు క్యాట్ 5ఇ రకం ల్యాన్ వైరు లాగితే ఈ బాధే లేదు. 200 ప్లాన్‌లో ఆ వైరు మీద స్పీడు సరిగ్గా 94, 95 దగ్గర ఆగుతోందా? వైరులోని నాలుగు జతల్లో ఒకటి తెగినట్టే లెక్క, లేదంటే పోర్టే 100 ఎంబీపీఎస్‌ది.

కనెక్షన్ తీసుకునేటప్పుడు ఆధార్‌లో ఆంధ్ర అడ్రస్ ఉంటే అద్దె ఒప్పందం అడుగుతారు. గోడకు రంధ్రం కొట్టేముందు ఓనర్‌కు ఒక మాట చెప్పండి. ఖాళీ చేసేటప్పుడు రౌటర్‌తోపాటు అడాప్టర్ కూడా అప్పగించి, సీరియల్ నంబర్ ఉన్న రసీదు చేతికొచ్చాకే కుర్రాణ్ని పంపండి.