గండికోటలో ఒక రాత్రి ఉండాలి: లోయ, నడక, బస గురించి మా అనుభవం

కడప జిల్లాలో పెన్న లోయ అంచున ఉన్న గండికోటను చాలామంది ఒక్క పూటలో ముగించేస్తారు. పొద్దున బేలుం గుహలు, మధ్యాహ్నం గండికోట, లోయ దగ్గర నాలుగు ఫొటోలు, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం. బెంగళూరు నుంచి దాదాపు 280 కిలోమీటర్లు కారు నడుపుకొని వచ్చి, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అరగంట నిలబడి వెళ్ళిపోయే కుటుంబాలను చూస్తే నాకు బాధేసింది. ఆ వెలుతురులో రాళ్ళ ఎరుపు తెలియదు, లోయ లోతు కంటికి ఆనదు. ఒక సాయంత్రం, ఒక తెల్లవారుజాము అక్కడే గడిపితే తప్ప గండికోట చూసినట్టు కాదు. అలా ఉండాలనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మేం సంక్రాంతి సెలవుల్లో వెళ్ళాం. అక్క, బావ, మేనకోడలు, నేను. బావకి మోకాళ్ళ నొప్పులు. మేనకోడలికి బండ కనిపిస్తే ఎక్కాలి. అక్కకి పాత గుళ్ళంటే ప్రాణం. ముగ్గురికీ కావలసింది అక్కడ దొరికింది కాబట్టి, ఎవరికి ఈ చోటు ఎలా ఉంటుందో కాస్త ధైర్యంగానే చెప్పగలను.

దగ్గరి ఊరు జమ్మలమడుగు, అక్కణ్ణించి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్ళకు ముంబై-చెన్నై లైనులో ముద్దనూరు, ఎర్రగుంట్ల స్టేషన్లున్నాయి. నంద్యాల-ఎర్రగుంట్ల లైను మీద జమ్మలమడుగులోనూ స్టేషన్ ఉంది. పైకి బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరిగి ఎప్పుడు తీసుకెళ్ళాలో కూడా తేల్చుకోండి, చీకటి పడ్డాక కోట దగ్గర బండి దొరకడం కష్టం. పెట్రోలు, నగదు, మందులు, తాగునీళ్ళు అన్నీ జమ్మలమడుగులోనే చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేసవిలో కడప జిల్లా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ బండల మీద నీడే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలను, పెద్దవాళ్ళను తీసుకెళ్ళొద్దు.

కోట ముఖద్వారం దాటితే లోపల ఇప్పటికీ ఊరుంది. ఇళ్ళ మధ్య నుంచి, జామా మసీదు పక్కగా నడిచి వెళ్తుంటే నేల ఉన్నట్టుండి అయిపోతుంది. దాదాపు 300 అడుగుల కింద పెన్న. నంది కొండల్లో పుట్టి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే ఈ నదిని నేను అంతకుముందు వంతెనల మీంచే చూశాను, చూసిన ప్రతిసారీ ఇసుకే ఎక్కువ కనిపించింది. అదే పెన్న ఎర్రమల కొండలను ఇలా నిలువునా కోసుకుంటూ పోయిందని ఆ అంచున నిలబడినప్పుడు తెలిసింది. చాలాసేపు మాలో ఎవరమూ మాట్లాడలేదు.

ఆ గోడలు అలా నిటారుగా ఎందుకున్నాయో తెలుసుకుని వెళ్తే మంచిది. మన జాగ్రత్తకూ అది పనికొస్తుంది. ఈ రాయి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి తయారైనది. భూగర్భ శాస్త్రంలో ఈ పొర పేరే గండికోట క్వార్ట్‌జైట్. పొరలు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి, పగుళ్ళు నిలువుగా దిగాయి. అందువల్ల కొండ మొత్తం సున్నం లేకుండా పేర్చిన ఇటుకల గోడలా కనిపిస్తుంది. నది అడుగున తొలుస్తూ పోయేకొద్దీ, ఆధారం పోయిన బండలు పగులు వెంట విడిపోయి కింద పడతాయి. గోడ మాత్రం నిటారుగానే మిగులుతుంది. అంటే అంచున మనం నిలబడే బండ కొండతో కలిసి ఉందో, విడిపోయి ఊరికే నిలబడి ఉందో పైనుంచి చూస్తే తెలియదు. కొన్నింటి కింద ఖాళీయే. చాలాచోట్ల రెయిలింగ్ లేదు. ఫొటో కోసం చివరి బండ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళను చూసి మా అక్క కళ్ళు మూసుకుంది. అంచుకు రెండు బండలు వెనక నిలబడినా లోయ పూర్తిగానే కనిపిస్తుంది. పిల్లల చెయ్యి వదలకండి. రాతి మీద తడి ఉంటే అసలు దగ్గరికే పోవద్దు.

తెల్లవారుజామున టార్చి పట్టుకుని వెళ్ళాం. మొదట ఎదుటి గోడ పైభాగం ఒక గీతలా ఎర్రబడింది, తర్వాత ఆ ఎరుపు పొర పొరగా కిందికి దిగింది. నీళ్ళ మీదికి వెలుతురు రావడానికి చాలాసేపు పట్టింది. అంచుకు దూరంగా, సమాంతరంగా బండల మీద మెల్లగా నడుస్తూ పోతే ప్రతి మలుపులోనూ నది ఇంకోలా కనిపిస్తుంది. అందరూ గుమిగూడే వ్యూ పాయింట్ దాటి పది నిమిషాలు నడిస్తే చాలు, జనం ఉండరు. మా బావ చేతికర్ర సాయంతో ఈ నడకంతా నడిచారు. ఎత్తుపల్లాలు తక్కువే, కానీ బండకీ బండకీ మధ్య సందులుంటాయి, చూసి అడుగెయ్యాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు గండికోటలో ఇంతవరకు చాలు. వాళ్ళకు ఏమీ తక్కువైనట్టు కాదు.

నీళ్ళ దాకా దిగేది వేరే సంగతి. మెట్లు లేవు, సరైన దారీ లేదు. పడిపోయిన బండల మధ్య నుంచి, ముళ్ళపొదలు తప్పించుకుంటూ చేతులతో పట్టుకుని దిగాలి. ఊళ్ళో కుర్రవాణ్ణి ఒకణ్ణి తోడు తీసుకున్నాం. మొదలుపెట్టేముందే అతను మా పాదాల వైపు చూశాడు. “చెప్పులతో వద్దు సార్. దిగేదానికి బాగానే ఉంటాది, ఎక్కేటప్పుడే తెలుస్తాది” అన్నాడు. అక్షరాలా అంతే జరిగింది. దిగడం గంటలోపే, ఎక్కడానికి అంతకన్నా చాలా ఎక్కువే పట్టింది. ఎండ ఎక్కేలోగా పైకి వచ్చెయ్యాలి. అందుకే వెలుతురు రాగానే బయల్దేరాం. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. పట్టు ఉన్న బూట్లు, రెండు చేతులూ ఖాళీగా ఉండేలా వీపు సంచీ చాలు. నేనూ మేనకోడలే దిగాం, అక్కాబావలు పైన ఉండిపోయారు.

కింద నుంచి చూసినప్పుడు లోయ మారిపోతుంది. పైన నిలబడితే మనం దాన్ని చూస్తున్నట్టుంటుంది. కింద నిలబడితే ఆకాశం ఒక పట్టీ అంత మిగులుతుంది, మాట్లాడితే గోడలు తిరిగి పలుకుతాయి. అయితే నీళ్ళ ఒడ్డు ఎంత ఉంటుందన్నది మన చేతుల్లో లేదు. ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం. వాటిలో నీళ్ళు ఎలా ఉంటే లోయలో అలా ఉంటుంది. మేం వెళ్ళినప్పుడు కూర్చోవడానికి చదునైన బండలు బయటపడి ఉన్నాయి. నీళ్ళు నిండుగా ఉంటే ఆ బండలే ఉండవు, దిగినా ప్రయోజనం తక్కువ. ముందురోజే ఊళ్ళో అడిగి తెలుసుకోండి. ఈతకు మాత్రం దిగొద్దు. ఒడ్డునే లోతుంటుంది, బండలకు పాచి ఉంటుంది, పైకి తీసుకెళ్ళే సాయం దగ్గర్లో లేదు.

కోట గురించి తక్కువ రాస్తే అక్క ఊరుకోదు. ఒకవైపు లోయే కందకం, ఇంకోవైపు ఎర్రరాతి ప్రాకారం. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచి ఏలారు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాక, 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఆయన్ని కలవడానికి ఇక్కడిదాకా వచ్చాడు. కొండ అంచున కోటకు ఎక్కే దారి ఎంత ఇరుకో అతను రాసిపెట్టాడు. మాధవరాయ ఆలయ గోపురం దూరం నుంచే పిలుస్తుంది, స్తంభాల మీద శిల్పాలు దగ్గరికి వెళ్ళి చూడాలి. గర్భగుడి ఖాళీ. అక్కడ అక్క చాలాసేపు కూర్చుండిపోయింది. నాకు ఎక్కువ నచ్చింది ధాన్యాగారం. కమానుల కింద లోపల ఎంత చల్లగా ఉందంటే, మధ్యాహ్నం అక్కడే గడిపేశాం. ముట్టడి వస్తే ఎన్నాళ్ళకు సరిపడా తిండి దాచుకునేవాళ్ళో ఆ గది కొలతలే చెబుతాయి. జామా మసీదు, రంగనాథాలయం, జైలు, కత్తుల కోనేరు అన్నీ నడిచి చూసేంత దగ్గరే. వివరాల బోర్డులు చాలవు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే చదువుకుని వెళ్ళండి, లేదా ఊళ్ళోవాళ్ళను తోడు తీసుకోండి. మరుగుదొడ్లు కూడా తక్కువే, ఆడవాళ్ళు బస చేసిన చోటే ఆ పని చూసుకుని బయల్దేరడం మేలు.

బస దగ్గర మాకు రెండు రకాల అనుభవాలు. కోటకు దగ్గర్లో పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది. పెద్దవాళ్ళున్న కుటుంబానికి నేను చెప్పేది అదే. గది, స్నానాలగది, భోజనం ఒకేచోట. కారు దిగి గదిలోకి నడిచేంత దూరమే. తెల్లవారుజామున లోయకు వెళ్ళడానికి ఇంతకన్నా దగ్గర గది దొరకడం కష్టం. శని, ఆదివారాలు, పండగ రోజులైతే చాలా ముందే బుక్ చేసుకోవాలి.

టెంటు మేనకోడలి కోరిక. ఊరి దగ్గర టెంట్లు వేసి అద్దెకిచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. చలికాలం ఆకాశం, చుక్కలు, నిప్పు చుట్టూ కబుర్లు, ఇవన్నీ నిజమే, ఆ రాత్రి పిల్ల మొహంలో ఆనందం నేను మర్చిపోను. కానీ మేం తీసుకున్న చోట ఫోనులో చెప్పినదానికీ, అక్కడున్నదానికీ పొంతన లేదు. శుభ్రమైన మరుగుదొడ్డి అన్నారు, ఉన్న ఒక్కదానిలో నీళ్ళు రాలేదు. పక్క బృందం అర్ధరాత్రి దాటేదాకా స్పీకర్లు పెట్టింది, తాగిన గొడవ కూడా అయింది. అడిగితే నడిపేవాళ్ళు పట్టించుకోలేదు. టెంటు, రాత్రి భోజనం కలిపి ఖర్చు హోటల్ గదికి దగ్గరదగ్గరగానే పడింది కాబట్టి, చవక అనే కారణంతో మాత్రం టెంటు తీసుకోవద్దు. తీసుకుంటే వారం మధ్యలో వెళ్ళండి. టెంటు అంచుకు ఎంత దూరంలో ఉంటుంది, మరుగుదొడ్డి ఎక్కడ, పాటలు ఎన్నింటికి ఆపుతారు, ఈ మూడూ డబ్బు కట్టకముందే అడగండి, ఫొటోలు పంపమనండి. ఆడవాళ్ళు మాత్రమే ఉన్న బృందమైతే నేను హోటలే మంచిదంటాను.

జమ్మలమడుగులో లాడ్జీలున్నాయి, తక్కువలో అయిపోతుంది. కానీ అక్కడ పడుకుంటే తెల్లవారుజామున చీకట్లో కొండెక్కి రావాలి. నూటికి తొంభైమంది రారు, నిద్రపోతారు. వచ్చిన పనే పోతుంది.

తిండి విషయంలో టెన్షన్ అక్కర్లేదు. జమ్మలమడుగులో పొద్దున్న ఉగ్గాణి-బజ్జీ తినకుండా రావద్దు. రాగిసంగటి, నాటుకోడి పులుసు కావాలంటే ముందే చెప్పి చేయించుకోవాలి. మాకు గండికోట ఊళ్ళోనే ఒక ఇంటివాళ్ళు అలా చేసిపెట్టారు. “ఇంగొంచెం పోసుకోండమ్మా” అంటూ ఆ ఇంటావిడ అక్కకి మూడోసారి పులుసు పోసింది. ప్రయాణమంతటిలో మంచి భోజనం అదే. డబ్బు కూడా సరైనంతే తీసుకున్నారు. కోట దగ్గర బండ్ల మీద మజ్జిగ, టీ, నూడుల్స్ దొరుకుతాయి. లోయ అంచు బండల సందుల్లో నీళ్ళ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒక సంచీ వెంట తీసుకెళ్ళి మీ చెత్త మీరు కిందికి తెచ్చుకోండి.

బేలుం గుహలు దగ్గరే కాబట్టి అందరూ కలుపుతారు. బాగుంటాయి, కాదనను. 3,229 మీటర్ల పొడవున సున్నపురాతిలో నీళ్ళు తొలిచిన గుహలవి, అందులో సుమారు కిలోమీటరున్నర చూడనిస్తారు. లోపల దీపాలున్నాయి కానీ ఉక్కపోత చాలా ఎక్కువ. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళు, బరువైన బట్టలు వేసుకున్నవాళ్ళు కష్టపడతారు. బావ మధ్యలోనే వెనక్కి వచ్చేశారు. లోయలో దిగి ఎక్కిన రోజే బేలుం పెట్టుకోవద్దు.

బేలుం, తాడిపత్రి రెండింటిలో ఒకటే వీలైతే, నా ఓటు తాడిపత్రికి. గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు కట్టించిన గుళ్ళే అక్కడివి. బుగ్గ రామలింగేశ్వరాలయం పెన్న ఒడ్డునే ఉంది, పూర్తికాని గోపురాల మీద కూడా చెయ్యి ఆడినంత మేరా చెక్కేశారు. చింతల వెంకటరమణాలయంలో రాతి రథం ఉంది. గండికోటలో శిథిలాలుగా చూసింది ఇక్కడ పూజలతో బతికి ఉంది. గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి, గండికోటలో సూర్యోదయం చూసి, టిఫిన్ చేసి, వెంటనే కారెక్కితే వేళకు అందుకోవచ్చు.